రాక్షసుల్ని చంపి చెడిపోయిన కోడలు

హింసాత్మక వీడియోగేములు మనుషుల్ని పాడుచేస్తాయంటే మీరు నమ్మకపోవచ్చు. నేను నమ్ముతాను. నా దగ్గర సాక్ష్యం ఉంది. అలా పాడైపోవడం లోకానికి ఎంత అవసరమో కూడా ఇవాళ నిరూపించి తీరతాను!

పాడైపోయిన వ్యక్తి ఒక ఫ్రిజ్‌ల కంపెనీ కస్టమర్ కేర్‌లో పనిచేసే నలభై ఆరేళ్ల ఇల్లాలు. తోటివాళ్లు అక్కయ్య అంటారు, మనమూ అలాగే అందాం. భర్త దుకాణం మూతపడ్డాక ఇల్లంతా ఆమె హెడ్‌సెట్ మీదే నడుస్తోంది. ఆమె పనల్లా, ఫ్రిజ్ చెడిపోయిందని మొత్తుకునేవాళ్లతో తీయగా మాట్లాడుతూ ఏమీ చేయకపోవడం. మొదటిసారి ఫోన్ చేస్తే స్విచ్ ఆపి వేయమనాలి. రెండోసారి ఫొటో పంపమనాలి. మూడోసారి ఇంకో విభాగానికి తోసేయాలి. అక్కడివాళ్లు మళ్లీ స్విచ్ దగ్గర్నుంచి మొదలుపెడతారు. తెర మూల ‘మెకానిక్‌ని పంపు’ అని ఒక పచ్చ బటన్ ఉంటుంది. సూపర్‌వైజర్ చెప్పనిదే దాన్ని ముట్టుకోకూడదు. ఆరేళ్లలో ఆయన ఒక్కసారీ చెప్పలేదు.

ఇలాంటి సాధుజీవిని చెడగొట్టింది మరిది. తన పాత కంప్యూటర్‌లో పాతకాలపు ఫక్కీలో తయారైన కాల్పుల ఆట ఒకటి పెట్టిచ్చాడు. బొమ్మలన్నీ చదరపు ముక్కలు. రక్తమంటే ఎగిరిపడే పది ఎర్ర గడులు. హీరోకి మొహం కూడా లేదు, తెర అడుగున ఒక చెయ్యి, ఒక తుపాకీ. కథ లేదు, నీతి అసలే లేదు.

మరి అందులో ఏముందంటారా? నొక్కితే పేలుతుంది! అంతకంటే ఏం కావాలండీ? రాక్షసుడు రాక్షసుడిలాగే ఉంటాడు, టై కట్టుకుని నవ్వుతూ రాడు. తూటా తగిలితే ఠక్కున పోతాడు, ‘మీ తూటా పరిశీలనలో ఉంది’ అనడు. ఎర్ర తాళంచెవి ఎర్ర తలుపు తీస్తుంది, జిరాక్స్ కాపీలు అడగదు. ప్రాణం తగ్గితే నేలమీద మందుపెట్టె ఉంటుంది, దానిమీదుగా పరిగెత్తితే చాలు, టోకెన్ తీసుకోనక్కర్లేదు. పైగా అక్కడ నిలబడితే చస్తాం. కాబట్టి కాసేపు వేచి ఉండమని ఎవరూ అనలేరు.

అక్కయ్య డ్యూటీ దిగి వచ్చి, వంటకి ముందు అరగంట ఆడేది. మొదటివారం అత్తగారు బెంగపడ్డారు. ఎవర్నమ్మా అంత కసిగా చంపుతున్నావని అడిగితే, “తెలీదత్తయ్యా, అడ్డమొచ్చారు” అంది. రెండోవారానికి ఆవిడే కుర్చీ లాక్కుని కూర్చుని, ఎడమవైపు మూల ఇంకొకడు నక్కి ఉన్నాడని, వాణ్ణి వదలొద్దని పురమాయించడం మొదలుపెట్టారు.

ఇక దుష్ఫలితం చూడండి. ఒక మంగళవారం ఒక పెద్దావిడ తొమ్మిదోసారి ఫోన్ చేసింది. ఫ్రిజ్‌లో భర్త ఇన్సులిన్ ఉంది, ఐసంతా కరిగిపోతోంది, పక్కింట్లో పెడదామంటే వాళ్లు ఊళ్లో లేరు. ఈసారి ఆవిడ అరవలేదు. స్విచ్ ఆపి వేశానమ్మా అని తనే ముందుగా చెప్పేసింది. ఆ మాటకి అక్కయ్య వేలు ఆట అలవాటుకొద్దీ కదిలి పచ్చ బటన్ నొక్కింది. రెండు గంటల్లో మెకానిక్ వెళ్లి, కాలిన వైరు మార్చి వచ్చాడు.

ఆ రుచి ఇక ఊరుకోనిస్తుందా! సాయంత్రంలోగా పదిహేడు ఫిర్యాదుల్ని అక్కడికక్కడే మట్టుపెట్టింది. ఒక్కదానికీ కొనఊపిరి మిగల్లేదు. ఆ కంపెనీ పుట్టాక ఇంత రక్తపాతం జరిగిందే లేదు.

మర్నాడు విచారణ. బల్లకి అవతల ముగ్గురు పెద్దలు. ఉద్యోగం ఊడితే ఇల్లెలా గడుస్తుందన్న భయంతో అక్కయ్య కుర్చీ అంచున కూర్చుంది. ఎవరి అనుమతితో నొక్కారని సూపర్‌వైజర్ అడిగాడు.

“ఆవిడ బాధ నా తెరమీదే ఉంది సార్. బటనూ అక్కడే ఉంది. నొక్కాను. అది పనిచేస్తుందని నాకూ నిన్ననే తెలిసింది.”

ముగ్గురిలో పెద్దాయన తప్పు ఆమెది కాదని తేల్చాడు. మెమో కూడా ఇవ్వలేదు. ఉద్యోగం నిలబడింది, బతికిపోయానురా దేవుడా అనుకుంటూ అక్కయ్య బయటికొచ్చి గ్లాసుడు నీళ్లు తాగింది.

తప్పు ఎవరిదో పెద్దాయనకి తెలుసు. మర్నాడు ఉదయానికల్లా హాల్లోని నలభై తెరల మీద నుంచీ ఆ పచ్చ బటన్ తీసేయించాడు. హింస ఆగిపోయింది. ఫోన్లు మాత్రం మోగుతూనే ఉన్నాయి.