పదిహేడో పాయింటు: స్టవ్ ఆపండి

సెర్చ్ ఇంజిన్ వాళ్లు తమ ర్యాంకింగ్ పద్ధతిని ఏడాదికి నాలుగుసార్లు మార్చడం తెలుగు జాతికి జరిగిన మహోపకారం! తొందరపడి అంటున్న మాట కాదిది. బాగా ఆలోచించే అంటున్నాను. ఆ మార్పులే లేకపోతే నేను ఐదు వాక్యాలు రాసి ఊరుకున్న అనామకుడిగా మిగిలిపోయేవాణ్ణి. వాటి దయవల్ల ఒక్క కుక్కర్ మీదే మూడువేల రెండువందల మాటలు రాసిన రచయితనయ్యాను.

ముందు నా సంగతి చెప్పాలి. నా పేరు సుందర్‌రాజ్. గన్‌ఫౌండ్రీలో ఒక హైస్కూల్లో ముప్పై ఏళ్లకు పైగా ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. ఊరికే కూర్చోవడం చేతకాక ఒక చిన్న వెబ్‌సైట్ పెట్టాను. ఇంట్లో వాడే వస్తువులు ఎలా పనిచేస్తాయి, పనిచేయకపోతే ఏం చేయాలి? ఇదే దాని విషయం. పుస్తకాల్లో చూసి రాసింది ఒక్క ముక్క లేదు. నాంపల్లి స్టేషన్ దగ్గర బిచ్చయ్య అని, కుక్కర్లూ స్టవ్‌లూ బాగుచేసే ఆయనకు రోడ్డు పక్కన ఒక డబ్బా కొట్టు ఉంది. పక్కన స్టూలేసుకుని ఆయన చేసే పని చూసేవాణ్ణి. ఇంటికెళ్లి మా కుక్కర్ మీద నేనే చేసి చూసేవాణ్ణి. పనిచేస్తే రాసేవాణ్ణి.

అలా రాసినవాటిలో ఎక్కువమంది చదివింది “కుక్కర్ విజిల్ రాకపోతే ఏం చేయాలి?” అనే పేజీ. అందులో ఉన్నవి ఐదే వాక్యాలు. ముందు స్టవ్ ఆపండి. చల్లారేదాకా మూత జోలికి పోకండి. చల్లారాక మూత తీసి, విజిల్ కింద ఉండే గొట్టాన్ని సూదితో శుభ్రం చేసి, అందులోంచి వెలుతురు కనబడుతోందో లేదో చూడండి. పక్కల నుంచి ఆవిరి పోయి ఉంటే రబ్బరు మార్చండి. సరిపడా నీళ్లు పోసి మళ్లీ పెట్టండి.

అంతే! ఎవరు వెతికినా మొట్టమొదట ఆ పేజీయే వచ్చేది. జనం వచ్చేవారు, చదివేవారు, పోయేవారు. ఎంత మోటుతనం! ఇంటికొచ్చిన చుట్టం గడప దాటకుండానే పని చూసుకుని వెళ్లిపోతే అదీ ఒక మర్యాదేనా?

ఆ లోపాన్ని సెర్చ్ ఇంజిన్ పట్టేసింది. ఒక సోమవారం పొద్దున చూద్దును కదా, మొదటి పేజీలో నేను లేను. రెండో పేజీలో లేను. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్ట తవ్వినట్టు తవ్వుకుంటూ పోతే పదకొండో పేజీలో, ఒక సిమెంటు పైపుల కంపెనీకీ ఒక జాతకాల సైట్‌కీ మధ్య దొరికాను. మొదటి స్థానంలో ఎవరో కొత్తవాళ్లు. వాళ్ల పేజీ తెరిస్తే, ప్రెషర్ కుక్కర్‌ను “ఒత్తిడి వంటవాడు” అని పిలుస్తున్నారు. వంటవాడికి ఒత్తిడి ఎక్కువైతే యోగా చేయమని సలహా కూడా ఉంది!

నా దగ్గర చదువుకున్న అక్షిత ఇప్పుడు అబిడ్స్‌లో, వెబ్‌సైట్ల ర్యాంకు పెంచే ఆఫీసులో పనిచేస్తోంది. వెళ్లి కలిశాను. పాపం, గురువుగారన్న గౌరవంతో కుర్చీ వేసి, చాయ్ తెప్పించి, నా పేజీ తెరిచి చూసి దవాఖానలో డాక్టర్‌లా తల ఊపింది.

“సార్, ఏం అనుకోకండి. మీ పేజీ మస్తు షార్ట్‌గున్నది. జనం వస్తున్రు, పది సెకన్లల్ల పోతున్రు.”

“జవాబు దొరికింది కాబట్టి పోతున్నారమ్మా.”

“అదే సార్ ప్రాబ్లం! జవాబు జల్ది దొరకొద్దు. జర సేపు పేజీ మీద ఉండాలె. కిందికి కిందికి పోవాలె.”

“అక్కడ స్టవ్ మీద కుక్కర్ ఉంటుంది కదమ్మా?”

“ఉండనీ సార్. మనకు టైమ్ కావాలె.”

శిష్యురాలు నాకు పాఠం చెబుతోంది. చెవులు రిక్కించి విన్నాను. ఆ రాత్రే కాదు, ఆ వారమంతా రాశాను. “మానవుడు నిప్పును కనుగొన్ననాటి నుంచి...” అని మొదలుపెట్టాను. ఆకలి అంటే ఏమిటి? వంట అంటే ఏమిటి? మన జీవితంలో మూత ప్రాముఖ్యత ఏమిటి? ఒక్కోదానికి ఒక్కో ఉపశీర్షిక, ఉపశీర్షికకో ప్రకటన! స్టవ్ ఆపమనే వాక్యం జరుగుతూ జరుగుతూ పదిహేడో పాయింటుకు చేరింది.

పదకొండు నుంచి ఆరో పేజీకొచ్చాను. పండగ చేసుకునేలోపు పద్ధతి మళ్లీ మారింది. ఈసారి రాసేవాళ్ల సొంత అనుభవం ఉండాలట. సంతోషంగా మా నానమ్మను దించాను. మెదక్‌లో ఆమె కుక్కర్ ముందు కూర్చుని నాకు జీవిత సత్యాలు చెప్పేదని రాశాను. మా నానమ్మ జీవితంలో కుక్కర్ ముఖం చూడలేదు. ప్రభువు నన్ను క్షమించుగాక, నాలుగో పేజీకొచ్చాను!

తర్వాతి మార్పులో నిపుణుల ఫోటో అడిగారు. స్కూలు లాబ్‌లో వాడిన తెల్లకోటు ఇస్త్రీ చేయించి, అబిడ్స్‌లో ఒక స్టూడియోకి వెళ్లి, కుక్కర్‌ను ఒళ్లో పెట్టుకుని ఫోటో దిగాను. ఫోటోగ్రాఫర్ కుక్కర్‌ను కొంచెం ఎడమకు తిప్పమన్నాడు. దాని ముఖం ఎటుందో మా ఇద్దరికీ తెలియలేదు. రెండో పేజీ!

ఆ పైన తాజాదనం కావాలన్నారు. అంటే శీర్షికలో ఈ ఏడాది అంకె ఉండాలి. పెట్టాను. ఐదేళ్ల కింద విజిల్ ఏ కారణంతో రాలేదో ఇవాళ కూడా అదే కారణంతో రావడం లేదు. అయినా అంకె మార్చగానే నా కుక్కర్ కొత్తదైపోయింది. నెల తిరిగేసరికి, పాఠకులారా, మళ్లీ మొదటి స్థానంలో ఉన్నాను!

ఆనందం పట్టలేక ఫోను పట్టుకుని నాంపల్లి వెళ్లాను. బిచ్చయ్యకు చూపించాలి కదా! ఆయన ఒక స్టవ్ బర్నర్ తోముతూ తలెత్తాడు.

“ఏంది సార్, చానా దినాలాయె గిటు రాక.”

“చూడు బిచ్చయ్యా, నువ్వు నేర్పిన విద్య. దేశం మొత్తం మీద నంబర్ వన్.”

ఆయన తడిచేతుల్ని ప్యాంటుకు తుడుచుకుని ఫోను తీసుకున్నాడు. వేలితో పైకి నెట్టాడు. నెట్టాడు. ఇంకా నెట్టాడు.

“కుక్కర్ ఏడున్నది సార్ ఇండ్ల?”

నేను జవాబు చెప్పేలోపు ఒకావిడ పది లీటర్ల కుక్కర్‌ను చంకలో పెట్టుకుని వచ్చి దబ్బున కింద పెట్టింది. పక్క వీధిలో కర్రీ పాయింట్ నడిపే పూలమ్మ. కొంగు మీద, భుజం మీద, జుట్టులో కందిపప్పు ఎండిపోయి ఉంది.

“బిచ్చయ్యా, జర చూడు దీన్ని! సేఫ్టీ వాల్వ్ ఊడి పోయింది. పప్పంతా సీలింగ్ మీదున్నది.”

“దెబ్బ తగిలిందా అక్కా?”

“లేదు. దేవుని దయ.” ఆమె స్టూలు మీద కూర్చుని ఊపిరి తీసుకుంది. “పదకొండు గంటలకు పప్పు పెట్టిన. విజిల్ వస్తలేదు. పన్నెండింటికి జనం వస్తరు. ఏం జెయ్యాల్నని ఫోన్ల అడిగిన. ఒక పేజీ వచ్చింది. మొదటిదే! సదువుకుంట కూసున్న. గాడ రాసిండు, మనిషి నిప్పు ఎట్ల కనిపెట్టిండని! నిప్పు ఎవడు కనిపెడితే నాకేందయ్యా, నా నిప్పు నా ముందర మండుతున్నది! కిందికి పోతే వాళ్ల నానమ్మ. ఇంకా కిందికి పోతే ఒకడు తెల్లకోటేసుకొని కుక్కర్‌ను సంటిపిల్ల లెక్క ఎత్తుకున్నడు!”

నేను మెల్లగా ముఖం అటు తిప్పుకున్నాను. బిచ్చయ్య మాత్రం నా వైపే చూస్తున్నాడు.

“అప్పుడొక యాడ్ వచ్చి తెర మొత్తం కప్పింది. మూద్దామంటే గుర్తు కానొస్తలేదు. వెలుతుర్ల చూద్దామని గల్లీలకు వచ్చిన. నేను గడప దాటిన్నో లేదో, లోపల ఢామ్మన్నది! ఉరికి స్టవ్ బంద్ జేస్తుంటే సీలింగ్ మీది పప్పు నా మీద రాలింది!”

చూశారా, పాఠకులారా! ప్రకటనలు చిరాకు పెడతాయని ఏడుస్తారే, ఒక ప్రకటన ఒక నిండు ప్రాణాన్ని కాపాడింది! ఆ మూసే గుర్తును ఇంకాస్త పెద్దదిగా పెట్టి ఉంటే ఏమయ్యేది?

ఈ వాక్యం రాసేటప్పుడు నాకు నవ్వు వస్తోంది. ఆ డబ్బా దగ్గర రాలేదు. ఏమయ్యేదో నాకు తెలుసు. ఆ గొట్టం మూసుకుపోతే కుక్కర్లో ఎంత ఒత్తిడి పేరుకుంటుందో బోర్డు మీద లెక్కగట్టి పిల్లలకు చూపించినవాణ్ణి.

“పూలమ్మా, ఆ తెల్లకోటు వాణ్ణి నేనే,” అన్నాను.

ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసింది. తిడుతుందనుకున్నాను. కొట్టినా పడేవాణ్ణి.

“మీరు సదువు చెప్పే సార్ కాదు? ఏం జెయ్యాల్నో మీకు ఎర్కనేనా?”

“ఎర్కనే. ముందు స్టవ్ ఆపాలి.”

“గది రాయలే?”

“రాశాను. పదిహేడో పాయింటు.”

బిచ్చయ్య బర్నర్ కింద పెట్టేశాడు. పూలమ్మ లేచి, “నడువున్రి సార్,” అంది. “నిచ్చెనేస్తే సీలింగ్ మీ ఎత్తుకు అందుతది.”

మిగతా మధ్యాహ్నమంతా నేను పూలమ్మ కర్రీ పాయింట్‌లో నిచ్చెన మీద ఉన్నాను. ఎండిన కందిపప్పు గోడకు సిమెంటు కన్నా గట్టిగా పడుతుందని, వేడినీళ్ల బట్ట అద్దితేనే ఊడుతుందని అక్కడే నేర్చుకున్నాను. కింద ఆమె వేరే గిన్నెలో పప్పు ఉడికిస్తూ, వచ్చినవాళ్లకు “జర ఆగున్రి” అని చెబుతూనే నాతో మాట్లాడింది.

“సార్, గా స్టవ్ మాట మొదలే రాయరాదు?”

“మొదలే రాస్తే నేను వెనక్కి పోతాను పూలమ్మా. ఎవరికీ కనపడను.”

“ఇయ్యాల కనపడ్డరు గదా. నాకేం లాభమైంది?”

నేను చేతిలోని తడిబట్టను ఇంకో పప్పు మరకకు అద్ది తుడిచాను.

ఇంటికెళ్లి స్నానం చేసి, కంప్యూటర్ ముందు కూర్చున్నాను. నిప్పును కనుగొన్న మానవుణ్ణి తీసేశాను. లేని కుక్కర్ పక్కన కూర్చోబెట్టినందుకు నానమ్మకు క్షమాపణ చెప్పుకుని ఆమెనూ తీసేశాను. ఫోటో, అంకె, ప్రకటనలు, అన్నీ పోయాయి. ఐదు వాక్యాలు మిగిలాయి. వాటినే ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో ప్రింటు తీసి మర్నాడు బిచ్చయ్యకు ఇచ్చాను. ఆయన డబ్బాకు అంటించాడు. పూలమ్మ ఒకటి అడిగి తీసుకెళ్లి స్టవ్ వెనక గోడకు పెట్టుకుంది.

నా పేజీ ఎటు పోయిందంటారా? పోవలసిన చోటికే పోయింది! ఇప్పుడు మొదటి స్థానంలో మళ్లీ “ఒత్తిడి వంటవాడు” ఉన్నాడు. అయితే ఆయన్ని కూడా ఎవరూ చూడటం లేదు. ఎందుకంటే ఈమధ్య సెర్చ్ ఇంజిన్ ఇంకో మార్పు చేసింది. అందరికన్నా పైన ఒక డబ్బా గీసి, జవాబు అదే చెప్పేస్తోంది. చూశాను. ఐదు వాక్యాలు. ముందు స్టవ్ ఆపమంది. గొట్టంలోంచి వెలుతురు చూడమంది. ఆ వెలుతురు మాట నాకు బిచ్చయ్య చెప్పాడు. అది చదివినవాళ్లు ఇక ఎవరి పేజీకీ పోనక్కర్లేదు. జనం చేతులు కాలవు కదా, సంతోషించాలి. సంతోషిస్తున్నాను!

అయినా రాయడం మానలేదు. పోయిన వారం నాలుగు రోజులు బిచ్చయ్య పక్కన కూర్చుని, ఇండక్షన్ స్టవ్ మధ్యలో ఎందుకు ఆగిపోతుందో నేర్చుకున్నాను. దాని లోపలుండే చిన్న ఫ్యాన్ ఊడదీసి, బిగించి, చేయి కోసుకుని, ఆరు వాక్యాలు రాసి పెట్టాను. మొన్న పొద్దున చూస్తే ఒకరు వచ్చి వెళ్లారని లెక్క చూపిస్తోంది. ఒక్కరే! కానీ ఏం పాఠకుడండీ! ఆ పేజీతో ఆగలేదు. కుక్కర్ పేజీ, మిక్సీ పేజీ, ఇస్త్రీపెట్టె పేజీ, నేను మర్చిపోయినవి కూడా తెరిచారు. ఎవరో తెలుసుకుని ఒకపూట భోజనానికి పిలవాలనిపించింది. అక్షితకు ఫోన్ చేశాను.

“సార్, అది మనిషి కాదు సార్,” అంది, నా మనసు నొచ్చుకోకుండా మెల్లగా. “సెర్చ్ ఇంజిన్ పంపిన మెషీన్. పేజీలన్నీ చదువుకోనీకి వస్తది.”

నాకు కోపమేమీ రాలేదు. ఎందుకు రావాలి? క్లాసులో వెనక బెంచీల్లో నిద్రపోయిన పిల్లల్ని ఎంతమందిని చూశాను! ఇది ఒక్క అక్షరం వదల్లేదు. విన్నదాన్ని అడిగిన ప్రతివాళ్లకూ గడగడా అప్పజెబుతోంది. ఎవరు చెప్పారని అడిగితే మాత్రం, మాస్టారి పేరు దానికి గుర్తు రావడం లేదు.