తొలిచినుకు పండుగ బొమ్మల పుస్తకం

ఒక పెద్ద అడవిలో, అంటే మరీ అంత పెద్దదేం కాదు, ఈ చివర తుమ్మితే ఆ చివర నుంచి "చిరంజీవ" అని వినిపించేంత అడవిలో, బొగ్గయ్య అనే ముసలి ఎలుగుబంటి ఉండేవాడు.

ఆయనకు జున్ను అని ఏడాదిన్నర మనవరాలు. జున్నుకు తేనె ఇష్టం, చీమలు ఇష్టం, తాత చెవి కొరకడం ఇంకా ఇష్టం. ఉరుమంటే మాత్రం చచ్చేంత భయం. వేసవి చివర ఒక సాయంత్రం గాలివానకు ఉరిమితే, రెండు రోజులు పాలు ముట్టలేదు. ఉరుము ఆగిపోయినా చెవుల మీద చేతులు తియ్యలేదు. మృగశిర కార్తె వచ్చిందంటే రోజూ ఉరుములే. అప్పుడు ఈ పిల్ల గతేమిటని బొగ్గయ్యకు దిగులు పట్టుకుంది.

"బొమ్మ చూపించి చెబితే భయం పోతుంది మామయ్యా," అంది కోడలు. "కందిరీగ బొమ్మ చూపించాక కందిరీగంటే భయం పోలేదూ?"

"పోయిందమ్మా. ఇప్పుడు దాని వెంటపడి కుట్టించుకుంటోంది," అన్నాడు బొగ్గయ్య. అయినా బయలుదేరాడు.

ఎందుకంటే ఆ అడవిలో పసిపిల్లలకు ఎవరికి తోచిన పుస్తకం వాళ్లు చూపించడానికి వీల్లేదు. ఋతువుకొకటి, పండుగకొకటి, ఎంపిక సంఘం ఎంచి ఇవ్వాలి. వడ్రంగిపిట్ట ఆ బొమ్మలను మందపాటి బెరడు మీద చెక్కి రంగులద్దేది. కొరికినా చిరగదు, నాకినా చెరగదు. ఏడాదిన్నర పాఠకులు పుస్తకాన్ని ముందు రుచి చూసి, ఆ తర్వాతే అభిప్రాయం చెబుతారు. పెద్ద పాఠకులు రుచి చూడకుండానే చెప్పేస్తారు. అది వేరే సంగతి.

సంఘానికి అధ్యక్షుడు నక్క వినయమూర్తి. సభ్యులు నెమలి, అడవిపంది, తాబేలు. నలుగురిలో ఎవరికీ చిన్నపిల్లలు లేరు. అందుకే నిష్పక్షపాతంగా ఉంటారని ఏరి కోరి వేశారు.

"చెప్పు బొగ్గయ్య బాబాయ్, ఏం కావాలి?" అన్నాడు వినయమూర్తి.

"తొలిచినుకు పండుగ పుస్తకంలో ఒక ఉరుము, ఒక మెరుపు, గొడుగులాంటి ఆకు కింద ఒక కప్ప. అంతే నాయనా. మా పిల్లకు భయం పోవాలి."

"తప్పకుండా బాబాయ్. మేమున్నదే పిల్లల కోసం," అన్నాడు వినయమూర్తి. అతని మనసులో మాత్రం వేరే లెక్క నడుస్తోంది. వానలు తగ్గుముఖం పట్టగానే అడవిపెద్ద ఎన్నిక. చెట్టుకు బొమ్మ కట్టిస్తే దారిన పోయేవాడు ఒక్కసారి చూస్తాడు, చూడకపోనూవచ్చు. అదే పసిపిల్ల పుస్తకమైతే తల్లి రోజుకు ఇరవైసార్లు తెరవక తప్పదు.

"మొదటి పేజీలో అధ్యక్షుడు చేతులు జోడించి శుభాకాంక్షలు చెబుతుంటే పద్ధతిగా ఉంటుంది," అన్నాడు.

"నేను ఆడకపోతే వానే రాదు. నేను లేకుండా వాన పుస్తకమా?" అంది నెమలి.

"బురద లేని వాన ఎక్కడైనా ఉందా? బురదంటే నేనే," అంది అడవిపంది.

తాబేలు నిద్ర లేచింది. "నాకు ఏ మూలయినా ఫర్వాలేదు. కాకపోతే సీనియర్ని గనక ఆ మూల పేజీ మధ్యలో ఉండాలి."

పుస్తకానికి ఎనిమిదే పేజీలు. అంతకు మించితే పిల్లలు మొయ్యలేరు. నెమలికి ఒకటి, పందికి ఒకటి, తాబేలుకు ఒకటి పోయాయి. వినయమూర్తికి నాలుగు: ఒకదాంట్లో దణ్ణం పెడుతూ, మూడింట్లో నోరంతా తెరిచి ప్రసంగిస్తూ. మిగిలిన ఒక్క పేజీలో నాలుగు చినుకులు, ఒక కప్ప ఇరుక్కున్నాయి.

"మరి ఉరుము?" అన్నాడు బొగ్గయ్య.

"వినపడేదాన్ని బొమ్మ ఎలా గీస్తాం బాబాయ్?"

"బుగ్గలు పూరించిన నల్లమబ్బు గీశానండీ," అని వడ్రంగిపిట్ట గొణిగింది. "మీరే చెరిపి, ఆ చోట్లో మీ పళ్లు గియ్యమన్నారు."

అదే పుస్తకం గుహగుహకూ వెళ్లింది. వెళ్లిన మూడోనాడే ఆకాశం నల్లబడింది. మొదటి ఉరుముకు జున్ను తాత ఒళ్లో దూరి చెవులు మూసుకుంది. బొగ్గయ్య గబగబా పుస్తకం తెరిచాడు.

"తాతా, ఏది?" అంది జున్ను.

ఆయన పేజీలు తిప్పాడు. నక్క, నెమలి, నక్క, పంది. అబద్ధమాడే అలవాటు లేని మనిషి, అదే, ఎలుగు. కానీ ఒళ్లో పిల్ల వణికిపోతూ "ఏది?" అంటుంటే "లేదు" అనే తాత ఎక్కడైనా ఉంటాడా? అన్నిటికన్నా పెద్దగా తెరిచిన నోటి మీద వేలు పెట్టాడు.

"ఇదిగో, ఇదేనమ్మా ఉరుము. నోరే తప్ప చేతలేం లేవు. ఒక్కటిచ్చుకో, పోతుంది."

జున్ను కళ్లు మూసుకుని ఫట్‌మని కొట్టింది. ఉరుము ఆగింది. ఉరుములు ఎలాగూ ఆగుతాయి, కానీ ఆ సంగతి జున్నుకు తెలియదు కదా. తన అరచేతిని తనే వింతగా చూసుకుంది. మళ్లీ ఉరిమింది. ఫట్. మళ్లీ ఆగింది. వాన వెలిసేసరికి పుస్తకం ముందేసుకుని గుహ వాకిట్లో కూర్చుంది, ఇంకా ఉరమదేమని. ఆ పూట పాలు కడుపునిండా తాగింది.

కోడలు ఊరుకుంటుందా? వాగు దగ్గర జింకకు చెప్పింది. జింక కుందేలుకు చెప్పింది. "మా బుడ్డాడికీ పనిచేసింది వదినా. నెమలి మెరుపట, పంది పిడుగట. వాడే పేర్లు పెట్టాడు," అంది కుందేలు మర్నాడు.

పండుగ రోజు పిల్లా పెద్దా మైదానంలో చేరారు. వినయమూర్తి వచ్చాడు. ఎన్నికల ముందు పసిపిల్లను ఎత్తుకోవడం పెద్దల ఆచారం. నేరుగా జున్ను దగ్గరికే వచ్చాడు.

"వద్దులే నాయనా, అది కొత్తవాళ్ల దగ్గర..." అంటూ బొగ్గయ్య వెనక్కి జరిగాడు.

"నేను కొత్తేమిటి బాబాయ్? రోజూ నన్నేగా చూస్తోంది," అని వినయమూర్తి పిల్లను లాక్కుని, చంకనెత్తుకుని వేదిక ఎక్కాడు. జున్ను ఆ మొహాన్ని ఇటునుంచీ అటునుంచీ పరీక్షగా చూసింది.

అతను నోరంతా తెరిచాడు. "సోదర సోదరీమణు..."

ఫట్.

జరిగింది పొరపాటేననుకుని అతను మళ్లీ నోరు తెరిచాడు. ఈసారి రెండో చెంప.

"తాతా, పోయింది," అంది జున్ను తృప్తిగా.

అప్పటికే కుందేలు పిల్లలు, జింక పిల్లలు వేదిక ఎక్కుతున్నాయి. నెమలి చెట్టెక్కింది. పంది పొదలో దూరింది. తాబేలు తల లోపలికి లాక్కుంది. ప్రసంగం లేకుండా ముగిసిన పండుగ అదొక్కటేనని ఇప్పటికీ చెప్పుకుంటారు.

తర్వాత చలికాలం పుస్తకానికి సంఘం కూర్చుంది.

"మొదటి పేజీ అధ్యక్షులదే," అంది నెమలి మర్యాదగా.

"అబ్బే, ఈసారి అందగాళ్లుండాలి," అన్నాడు వినయమూర్తి, నోరు సగమే తెరిచి.

"నా ఈకలు రాలిపోయాయి. పందిగారిని అడగండి."

"చలికీ, నాకూ ఏ సంబంధమూ లేదు," అంది పంది.

అలా ఎనిమిది పేజీలూ ఖాళీగా మిగిలితే, వాటిని ఏం చెయ్యాలో తెలియక వడ్రంగిపిట్టకు వదిలేశారు. అది పొగమంచు గీసింది, ఉసిరికాయలు గీసింది, అమ్మ పొట్టకు ఆనుకుని పడుకున్న పిల్లను గీసింది. అంత మంచి పుస్తకం ఆ అడవిలో అంతకుముందు రాలేదు.

నీతి: పిల్లలకు మంచి పుస్తకం రావాలంటే పెద్దలకు పిల్లలంటే ప్రేమ లేకపోయినా ఫర్వాలేదు, భయం ఉంటే చాలు.