డ్యాక్ కోసం తవ్విన గుంత

నవ్వనని మాటిస్తేనే చెబుతాను. సరే, నవ్వండి. కోలార్ గనుల ఊళ్లో, కోరమండల్ పేటలో మా వీధి వీధంతా ఇప్పటికే నవ్వేసింది, మీరొక్కరే మిగిలారు.

మా ఇంటికి ఒక డ్యాక్ వచ్చింది. అదేంటని అడుగుతారు, తెలుసు. ఫోనులో దాచుకున్న పాట పాటలాగా ఉండదు, అంకెల్లాగా ఉంటుంది. ఆ అంకెలను మళ్లీ పాటగా మార్చి స్పీకర్లకు అందించే పెట్టె అది. ప్రతి ఫోనులోనూ ఓ బుల్లిది ఉంటుంది. నేను తెప్పించింది మాత్రం పెద్దింటిది. దాని గురించి ఇంటర్నెట్టులో గడ్డాలున్న మగవాళ్లు కళ్లనీళ్లు పెట్టుకుని రాశారు.

మా ఆవిడ భాగీరథి దాన్ని ఎత్తి చూసింది. "ఇంత బరువుండాది, లోపల ఏముండాదండీ?"

"నిశ్శబ్దం," అన్నాను గర్వంగా. "స్వరానికీ స్వరానికీ మధ్య నిశ్శబ్దం ఎంత స్వచ్ఛంగా ఉంటుందో నువ్వే వింటావు."

"దానికి పెట్టెందుకు? మీరు కొంచెంసేపు గమ్మునుంటే చాలదా?"

తీరా అన్నీ తగిలించి కూర్చుంటే వినిపించింది నిశ్శబ్దం కాదు. గుయ్య్య్ మని ఒక రొద. రికార్డింగులో వయొలిన్ ఆయన కమాను ఎత్తకముందే గుయ్య్. ఎత్తాక కూడా గుయ్య్. ఆయన వాయించడం ఆపేసినా అది మాత్రం ఆపలేదు.

ఇక్కడ మా ముందు గది సంగతి చెప్పాలి. మాది గనుల కాలం నాటి పాత ఇల్లు. కాళ్లు చాపుకోవడానికి వీలున్న గది ఆ ఒక్కటే. అందులో నేను డ్యాక్ పెట్టుకుని పాటలు వినాలనుకున్నాను. భాగీరథి బళ్లో లెక్కల టీచరు. అదే గదిలో పదో తరగతి పిల్లలకు ట్యూషన్ చెప్పాలని రెండేళ్లుగా అనుకుంటోంది.

"ఆదివారం సాయంత్రం దాకా టైమిస్తా," అంది. "మీ ఎర్తింగో, గిర్తింగో, ఏదో ఒక పని చేసి ఆ గుయ్య్ పోగొట్టినారా, గది మీది. నేను మళ్లీ ఆ మాటెత్తను. పోగొట్టలేదా, సోమవారం నల్లబల్ల వస్తాది."

నేను హైస్కూల్లో హెడ్ క్లర్కుని. పెద్ద పెద్ద ఇన్స్పెక్షన్లే దాటాను, ఈ గుయ్య్ ఎంత? ఒప్పేసుకున్నాను.

మర్నాడు సోమవారం, పెట్టె కింద మెత్తగా ఏదైనా పెట్టమని ఎవరో రాస్తే పెట్టాను. ఆ రోజు మా ఇంట్లో కుక్కర్ ఎంతసేపటికీ కూయలేదు. భాగీరథి మూత తీసి చూసి, తిన్నగా ముందు గదిలోకి వచ్చి, డ్యాక్ ఎత్తి, దాని కింది నుంచి గాస్కెట్ తీసుకుని వెళ్లిపోయింది.

మంగళవారం ఫ్రిజ్ ఆపి చూశాను. గుయ్య్ పోలేదు, పాలు పోయాయి.

బుధవారం ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను. ఆయన పేరు పాండు. చెయ్యి పెట్టిన ప్రతి ఇంట్లో ఒకసారి చీకటి చేసి మరీ వెలుతురు ఇస్తాడు గనుక ఊళ్లో ఫ్యూజు పాండు అంటారు. మీటరు పెట్టి చూసి పెదవి విరిచాడు.

"ఇది తెల్లదొరల ఎర్తింగు సార్. వాళ్లతోనే పోయింది. పెరట్లో గుంత తీసి, రాగి పలకేసి, ఉప్పూ బొగ్గూ నింపితే ఇంగ మీ డబ్బా కోయిల మాదిరి పాడతాది."

పెరడంటే భాగీరథి టమాటా మడి. డబ్బా కోసం దాన్ని తవ్వుతానంటే ఊరుకుంటుందా? అందుకని చిన్న అబద్ధం ఆడాను. శ్రీనివాసపురం నుంచి బాదామి మామిడి అంటు తెస్తున్నానని, దానికే గుంతని చెప్పాను.

"మామిడికి రెండు బస్తాల బొగ్గెందుకండీ?"

"ఎరువు."

"ఉప్పు?"

"మొక్కగా ఉన్నప్పుడే ఉప్పు తాగిందనుకో, ఊరగాయకు సులువు."

సరేనని తలూపి, కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. అప్పుడే నేను భయపడాల్సింది.

గడ్డపార దించాను. ఏ ఊళ్లోనైనా పెరట్లో గుంత తవ్వితే ఎవరు పట్టించుకుంటారు చెప్పండి? మాది కోలార్ బంగారు గనుల ఊరు. గనులు మూసి ఇరవై ఏళ్లు దాటినా, గడ్డపార రాయికి తగిలిన చప్పుడు వింటే ఇక్కడ అన్నం తింటున్నవాడు కూడా చెయ్యి కడుక్కుని వస్తాడు.

మొదట గోడ మీంచి తొంగి చూసింది పక్కింటి హనుమంతప్ప. గనిలో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి. ఇనుప కడ్డీతో పైకప్పు రాయిని తట్టి, ఆ మోతను బట్టి ఏ రాయి గట్టిదో ఏది ఊడిపడుతుందో చెప్పడమే ఆయన పని. ఆయన ఇవతలికి వచ్చి గుప్పెడు మట్టి తీసుకుని, నలిపి, వాసన చూసి, మళ్లీ పడేశాడు. ఒక్క మాట మాట్లాడినా బాగుండేది. ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. దాంతో వీధికి అంతా అర్థమైపోయింది.

గురువారం పొద్దున్నే నలుగురు బలమైనవాళ్లు పారలతో వచ్చారు.

"మీరొక్కరే ఏం కష్టపడతారు సార్? మేమూ ఒక చెయ్యి వేస్తాం," అన్నాడు వాళ్లలో ముందున్న శశికుమార్. "లోపల ఏముండాది సార్?"

"చూద్దాం," అన్నాను.

నేను బంగారం ఉందని అనలేదు. లేదనీ అనలేదు. ఎర్తింగు ఎంత లోతుంటే అంత మంచిదని పాండు చెప్పాడు. ఊరికే తవ్విపెడతామంటే వద్దనడానికి నాకేం ఖర్మ?

శుక్రవారానికి గుంత పదడుగులు దిగింది. నిచ్చెన వేశారు. చిక్కమ్మ అనే ఆవిడ ఇడ్లీ పాత్ర తెచ్చుకుని మట్టి కడగడం మొదలుపెట్టింది. ఆవిడను చూసి మిగతావాళ్లు తలో పళ్లెం తెచ్చుకున్నారు. టమాటా మడి మట్టి గుట్ట కింద సమాధి అయింది. భాగీరథి మాత్రం నవ్వుతూ అందరికీ టీలు అందిస్తోంది. ఎంత మంచి ఇల్లాలు అని మురిసిపోయాను.

శనివారం పదింటికి కానిస్టేబుల్ వచ్చాడు.

"ఏన్ సార్ ఇదు? ఏం తవ్వతా ఉండారు? బంగారమని ఎవరో ఫోన్ చేసినారు."

అప్పుడు అర్థమైంది నా పరిస్థితి. పెరట్లో యాభై మంది ఉన్నారు. ఎర్తింగు అంటే భాగీరథి వింటుంది. మామిడి అంటే పదడుగుల గుంత చూసి ఎవరూ నమ్మరు. బంగారం కాదంటే పారలు పట్టుకున్న నలుగురూ నన్నే అందులో పూడ్చేలా ఉన్నారు. అవునంటే కానిస్టేబుల్ స్టేషన్‌కి పట్టుకుపోతాడు.

టీ ట్రేతో భాగీరథి ముందుకు వచ్చింది. "నీళ్ల సంపు సార్. కొళాయి నాలుగు రోజులకొకసారి వస్తాది గదా, పట్టి పెట్టుకునేదానికి చోటు లేదని ఎన్నేండ్లుగానో అడగతా ఉంటిని. మా ఆయనే నాకోసం తవ్విస్తా ఉండారు. అవునా కాదా అండీ?"

"అవును సార్, సంపే!" అన్నాను వీధంతా వినేలా. ఆ క్షణంలో ఆమె కాళ్లకు దణ్ణం పెట్టాలనిపించింది.

కానిస్టేబుల్ టీ తాగి వెళ్లిపోయాడు. శశికుమార్ పారకంటిన మట్టి దులుపుకుంటూ, "ముందే చెప్పుంటే రెండడుగులకే ఆపేస్తా ఉంటిమి గదా సార్," అని నిష్ఠూరంగా అన్నాడు. చిక్కమ్మ ఇడ్లీ పాత్ర చంకన పెట్టుకుని నన్ను తిట్టుకుంటూ పోయింది. అందరూ పోయాక నేనూ పాండూ గుంతలోకి దిగి, ఒక మూల రాగి పలక పాతి, ఉప్పూ బొగ్గూ నింపి, వైరు కిటికీలోంచి డ్యాక్ దాకా లాగాం. ఆ నిశ్శబ్దం అందరి ముందే వినాలని నేను అప్పుడు స్విచ్చి వెయ్యలేదు.

ఆదివారం సాయంత్రం పరీక్ష. న్యాయనిర్ణేతగా హనుమంతప్పను పిలిచింది భాగీరథి. స్విచ్చి వేశాను. నిశ్శబ్దం! గుయ్య్ లేదు, దాని నీడ కూడా లేదు. వయొలిన్ ఆయన మా గదిలోనే కూర్చుని ఊపిరి పీల్చుకున్నట్టు వినిపించింది.

"గది నాది!" అని ఎగిరాను.

"ఒక్క నిమిషం," అంది భాగీరథి. "హనుమంతప్పా, ఆ ఫ్యాన్ వెయ్యప్పా."

వేశాడు. గుయ్య్య్.

ఆపాడు. నిశ్శబ్దం. భాగీరథి వెళ్లి నా ఎర్తింగు వైరు ఊడబీకింది. అప్పుడూ నిశ్శబ్దమే. ఫ్యాన్ వేస్తే మళ్లీ గుయ్య్.

ఏప్రిల్ నెల ఎండలు. గదిలోకి వస్తూనే ముందు ఫ్యాన్ వేసి, తర్వాతే డ్యాక్ ముట్టుకునేవాణ్ణి. ఈ సాయంత్రం పరీక్ష హడావిడిలో వెయ్యడం మరిచేదాకా, ఫ్యాన్ లేకుండా ఒక్కసారీ వినలేదు.

"గనిలో పనిచేసినోళ్లం గదా సార్," అన్నాడు హనుమంతప్ప మొహమాటంగా. "యాడికి పోయినా ముందు తలెత్తి పైకే చూస్తాం. బుధవారం కాఫీకి పిలిస్తే వచ్చినా. మీరు పెరట్లో ఉంటిరి, ఈ డబ్బా మోగతా ఉండె. ఫ్యాన్ ఆపి చూస్తే రొద నిలిచిపాయె. రోగం ఫ్యానుదని అప్పుడే అమ్మకు చెప్పినా."

భాగీరథి వైపు తిరిగాను. "బుధవారమే తెలిస్తే నాకెందుకు చెప్పలేదే?"

"మీరు మామిడి గుంతన్నారు గదండీ," అంది భాగీరథి అమాయకంగా. "మామిడి చెట్టుకూ గుయ్య్‌కూ ఏం సంబంధమని ఊరకుంటిని."

ఫ్యాన్ మార్చేద్దామన్నాను. అది మా పెళ్లికి మా మామగారు ఇచ్చిన ఫ్యాన్. ఆ మాట రెండోసారి అనలేదు.

సోమవారం నల్లబల్ల వచ్చింది. మంగళవారం మేస్త్రీ వచ్చి నా రాగి పలక మీద సిమెంటు పోసి సంపు కట్టాడు. ఇప్పుడు సాయంత్రం ఏడు దాకా ముందు గదిలో లెక్కలు నడుస్తాయి. ఏడు నుంచి ఎనిమిది దాకా, దయతలిచి, గది నాకిచ్చారు. ఫ్యాన్ ఆపుకుని వినాలి.

మొదటి రోజు భాగీరథి కూడా వచ్చి పక్కన కూర్చుంది. వయొలిన్ మొదలైంది. నిజం చెప్పొద్దూ, అంత అందంగా నేనెప్పుడూ వినలేదు. ఆమె కళ్లు మూసుకుని వింటోంది. నాకు గది పోయిన బాధ కూడా పోయింది.

"బాగుండాదండీ," అంది. "ఉక్కగా ఉండాది గానీ."

పిల్లలు వదిలేసిన నోటుబుక్కు అట్ట తీసుకుని విసరసాగాను. రెండు నిమిషాలయ్యాక ఆమె కళ్లు తెరవకుండానే కనుబొమలు ముడిచింది.

"కొంచెం మెల్లగా విసరండి. అట్ట చప్పుడు పాటలో కలుస్తా ఉండాది."