మూడవమారు సరేనన్న ఐవర్ సెనేటు దండయాత్ర

మిసోరీ నదీతీరమున మంచు కరిగి, ట్రాక్టరు చక్రములు ఇరుసుల దాకా బురదలో దిగబడు వసంతవేళ, నార్త్ డకోటా రాష్ట్ర సెనేటుకు అభ్యర్థిని నిర్ణయించుటకై మా పార్టీ మహాసేన యావత్తు, అనగా తొమ్మండుగురము, చర్చి నేలమాళిగలో కాఫీకప్పులు కరముల ధరించి కొలువు తీరితిమి. వారిలో గోధుమక్షేత్రపాలకుడు, మోకాళ్లనొప్పుల మహారథి, ఐవర్ టోలెఫ్సన్ అను ధీరోదాత్తుడొకడు గలడు. సిగ్గు విడిచి చెప్పుచున్నాను, అతడు నేనే.

ఎదుటి పార్టీ సెనేటరు క్లేటన్ హౌగెన్ దుర్నిరీక్ష్య ప్రతాపుడు. వానిపై పోరి గెలిచినవాడు లేడు. కనుక అధ్యక్షురాలు బెర్నీస్ ఎవరు దొరకుదురా యని కలయజూచి, చూపు నాపై నిలిపెను.

“ఐవర్, నువ్వు నిలబడరాదూ?”

“అబ్బే, నాకెందుకు బెర్నీస్.”

“కాస్త ఆలోచించవయ్యా.”

“వద్దులే, ఇంకెవరినైనా చూడు.”

“పోనీ, మా మొహం చూసైనా.”

“సరేలే, అంతగా అంటున్నావు గనక.”

మా సీమలో కాఫీ ఇచ్చినను, కేకు పెట్టినను రెండుమార్లు వలదని మూడవమారు పుచ్చుకొనుట తరతరాల మర్యాద. ఆ మర్యాదకు మరిగిన నా జిహ్వ, నన్నొక్క మాటైనను అడుగక, నన్ను రణరంగమునకు నెట్టివేసెను. నేను తేరుకొనులోపలనే చప్పట్లు మ్రోగెను.

ఇంట భార్యామణి మార్లిస్ ఈ వార్త విని గరిటె దించెను. ఆమె పుట్టింటివారెల్లరు ఎదుటి పార్టీవారే.

“నీకేమన్నా మతిపోయిందా? మా నాన్న శవపేటిక మోసినవాడు క్లేటన్.”

“అయితే నాకు ఓటెయ్యవా?”

“నా ఓటు సంగతి నీకెందుకు? బంగాళాదుంపలు చల్లారిపోతున్నాయి, తిను.”

ఓటమికి నేను జంకలేదు. అది ముందే ఖాయము. ఇన్నేండ్లు ఒకే బల్లకడ భుజించిన ఇల్లాలు నన్ను కాదని మరియొకనికి ఓటు వేయునేమోనని మాత్రము జంకితిని.

వేసవియెల్ల ధూళిధూసరిత పికప్పు రథమునెక్కి, గాలివానలకు వెరవక, ఒక వాకిట శునకరాజముతో ద్వంద్వయుద్ధమాడి కుడిబూటు సమర్పించుకొని, గడపగడపకు తిరిగితిని. ప్రతి గడపలోను కేకు పెట్టిరి. ఓటుమాట ఎత్తగనే వానలమాట ఎత్తిరి.

నవంబరున హౌగెన్ నన్ను చిత్తుచిత్తుగా ఓడించెను. జిల్లాలో ఒక మూలనున్న మా పల్లెసీమ, అనగా మా టౌన్‌షిప్పున నాకు పడినవి రెండే ఓట్లు. ఒకటి నేను వేసికొన్నది.

మరునాటి ఉదయము కాఫీహోటలులో పొరుగురైతు వెర్న్ నా భుజము తట్టెను.

“ఆ రెండోది నాదే, ఐవర్.”

“నాది కూడా,” అని పక్కబల్లనుండి ఇరువురు ఏకకంఠముతో పలికిరి. మర్యాదస్తుడను గనుక ముగ్గురికిని కృతజ్ఞత తెలిపితిని.

ఇంటికి వచ్చి, మార్లిస్ గిన్నెలు తోముచుండగా వెనుక నిలిచితిని. సూటిగా అడుగక, చుట్టుతిప్పి అంటిని.

“హోటల్లో ముగ్గురు ఆ ఓటు మాదే అంటున్నారు.”

“వాళ్ల మొహం. అది నాది,” అని ఆమె వెనుదిరుగక పలికెను. “ఈసారికి ఏమనుకోకు అని క్లేటన్‌కి ముందే ఫోన్ చేసి చెప్పాను. మళ్లీ నిలబడ్డావంటే మాత్రం అదీ ఉండదు.”

నా కన్నులు చెమర్చెను. గిన్నెలు తుడుచు తడిగుడ్డతోనే తుడుచుకొంటిని.

కావున ఓ జనులారా, దిక్కులు మారుమ్రోగ చాటుచున్నాను, వినుడు. సెనేటు పోయెను, జిల్లా పోయెను, టౌన్‌షిప్పు కూడ పోయెను గాని, టోలెఫ్సన్ వారి ఇంట మాత్రము ఐవర్ టోలెఫ్సన్ ఏకగ్రీవముగా గెలిచెను.