మునగనంటే మునగనన్న ఓడ

ఒక మనిషి తన ఓడని తానే ముంచుకోవాలని నిర్ణయించుకున్నాడంటే అతనికి పిచ్చయినా పట్టి ఉండాలి, పెళ్లయినా అయి ఉండాలి. మన అడ్మిరల్ గారి విషయంలో రెండూ జరిగాయని ఆయన భార్య అంటుంది. పెళ్లి ఒక్కటే జరిగిందని ఆయన వాదన.

అడ్మిరల్ అంటే నిజం అడ్మిరల్ కాదు లెండి. భార్య పెట్టిన పేరు. వారమంతా బీమా ఆఫీసులో కూర్చుని, సొంత దుకాణాన్ని తామే తగలబెట్టుకుని పరిహారం అడిగేవాళ్లని పట్టుకోవడం ఆయన ఉద్యోగం. ఆదివారం మాత్రం రిమోటుతో నడిచే యుద్ధనౌకకి అధిపతి.

నౌక పేరు చండప్రచండ. చాపిన చేయంత పొడవు. మెత్తటి పల్చని చెక్క ఒళ్లు, లోపల బ్యాటరీ, గుప్పిట్లో పట్టే గ్యాసు సిలిండరు, సైకిల్ బేరింగుల్లాంటి గుండ్లు పేల్చే రెండు తుపాకులు, లోపలికొచ్చిన నీళ్లని బయటికి చిమ్మే బుల్లి పంపు. ఇలాంటి ఓడలున్న పెద్దమనుషులంతా పార్కు కొలను దగ్గర చేరి ఒకరి ఓడకొకరు చిల్లులు పొడుచుకుంటారు. ఓడ మునిగితే దారం కట్టిన బెండు ఒకటి పైకి తేలుతుంది. ఆ దారం పట్టుకుని ఓడని లాగి, ఇంటికి తెచ్చి, ఆరబెట్టి, చిల్లులకి కాగితం అంటించి, మళ్లీ ఆదివారం మళ్లీ ముంచుకుంటారు. చండప్రచండ నీటి మీద కంటే నీటి కిందే ఎక్కువ కాపురం చేసింది కాబట్టి క్లబ్బులో దాన్ని సబ్‌మెరైన్ అని పిలుస్తారు.

ఇలా ఉండగా క్లబ్బు పెద్ద అయిన పళ్ల డాక్టరు ఒక మహానౌకకి పెంకు, అంటే యంత్రాలేవీ బిగించని ఉత్త ఒళ్లు, తయారుచేసి అడ్మిరల్ గారికి ఇస్తానన్నాడు. చండప్రచండకి ఒకటిన్నర రెట్లుంది. చూడగానే అడ్మిరల్ గారికి నోట మాట రాలేదు. ఇంటికి రాగానే మాత్రం వచ్చింది.

"ఒక్క పెంకేనే. పెంకుకి ఎంత చోటు కావాలి?"

"నత్తకీ పెంకే ఉంటుంది. కానీ అది వచ్చి మన భోజనాల బల్ల మీద కూర్చోదు," అందావిడ.

"బల్ల మీద ఇంకా చోటుంది కదా!"

"ఎక్కడ? నేను పళ్లెం ఒళ్లో పెట్టుకుని తింటున్నాను. నిన్న మీరు పెరుగనుకుని జిగురు కలుపుకోబోయారు. చెప్తున్నా వినండి. ఆ ఓడ ప్రాణంతో ఉన్నంతకాలం ఈ ఇంట్లో మీకు రెండో ఓడ రాదు."

అడ్మిరల్ గారు నోరు మూసుకున్నారు. ఆయన నోరు మూసుకున్నారంటే బుర్ర తెరుచుకుందని అర్థం. ప్రాణంతో ఉన్నంతకాలం కదా? అయితే దాని ప్రాణం ఎంతసేపు!

శనివారం ఆవిడ స్నానానికి వెళ్లిన సమయం చూసి పని కానిచ్చారు. పంపు మూతికి దూది కుక్కారు. బెండుని దారంతో సహా పీకేశారు. కొలను నడిమధ్య లోతెక్కువ, అడుగంతా బురద. అక్కడ మునిగితే ఇక వెతకడం ఎవరి తరమూ కాదు. వీరమరణం! రెండు కన్నీటిబొట్లు రాల్చి, పెంకు చంకనెట్టుకుని ఇంటికి రావడమే తరువాయి. ఓడ పైన నిలబడి ఉండే బొటనవేలంత కెప్టెన్ బొమ్మని మాత్రం వదులుకోలేకపోయారు. తన చేత్తో చెక్కిన బొమ్మ. దాన్ని తీసి కళ్లజోడు డబ్బాలో దాచి, క్షవరానికి వెళ్లిపోయారు. డబ్బా బల్ల మీదే మర్చిపోయారు.

ఆదివారం ఆవిడ కూడా చెప్పులేసుకుంది.

"నువ్వెక్కడికి?" అన్నారు అనుమానంగా.

"యుద్ధానికి. ఇన్నేళ్లలో ఒక్కసారైనా చూడకపోతే ఏం బాగుంటుంది?"

కొలను దగ్గర అందరితో పాటు ఆవిడా కళ్లకి రక్షణ అద్దాలు పెట్టుకుని, చేతులు కట్టుకుని నిలబడింది. ఈల మోగింది. అడ్మిరల్ గారు చండప్రచండని తిన్నగా తీసుకెళ్లి పళ్ల డాక్టరు తుపాకుల ముందు అడ్డంగా నిలబెట్టారు. టపటపమని గుండ్లు దిగాయి. ఆ చెక్కలో ఇక చిల్లి పడటానికి ఖాళీ లేదన్నంతగా దిగాయి.

అది మునగలేదు.

పైనున్న గొట్టంలోంచి నీళ్లు జివ్వున చిమ్ముతూ, కులాసాగా తేలుతోంది. దూది కుక్కిన పంపు ఇంత జోరుగా ఎలా పనిచేస్తోందో ఆయనకి అంతుపట్టలేదు. ఓడని నడిమధ్యకి తోలి, మోటారు ఆపేసి, రా చంపుకో అన్నట్టు వదిలేశారు. అప్పటికి మునగకుండా మిగిలిన రెండు ఓడలూ, పళ్ల డాక్టరుదీ, క్లబ్బులో బేకరీ నడిపే ఆయనదీ, చెరోవైపు నుంచి ఉరికొచ్చాయి.

"మునుగు! మునిగి చావవే దరిద్రపుదానా!" అని అడ్మిరల్ గారు ఒడ్డున గంతులేస్తున్నారు. ఆ శాపాలు శత్రువుల ఓడలకనుకుని చూసేవాళ్లంతా చప్పట్లు కొట్టారు.

ఇంతలో గాలి వీచి చండప్రచండ ఓ పక్కకి జరిగింది. డాక్టరు పేల్చిన గుండ్లు బేకరీ ఓడకి, బేకరీ గుండ్లు డాక్టరు ఓడకి తగిలాయి. రెండూ బుడుంగుమన్నాయి. మిగిలింది సబ్‌మెరైనొక్కటే. ఒక్క గుండయినా పేల్చకుండా యుద్ధం గెలిచిన ఘనుడు క్లబ్బు చరిత్రలో ఆయనొక్కరే.

అందరూ వీపు చరుస్తుంటే అడ్మిరల్ గారి ముఖం ఆముదం తాగినట్టుంది. ఆవిడ దగ్గరికొచ్చి, కళ్లజోడు డబ్బా చేతిలో పెట్టింది.

"మీరేగా ఎప్పుడూ చెబుతుంటారు? దుకాణానికి నిప్పు పెట్టేవాడు ముందు పెళ్లి ఫొటోలు బయటికి చేరవేస్తాడని. నిన్న మీరు క్షవరానికి వెళ్లాక, ఈ డబ్బాలో కెప్టెన్ ఒక్కడూ ఒడ్డుకి చేరి కనిపించేసరికి ఓడ విప్పి చూశాను."

"చూసి?"

"దూది తీశాను. పంపుకి జల్లెడ కట్టాను. నీళ్లన్నీ పంపు దగ్గరికే జారేలా అడుగున థర్మాకోలుతో వాలు కట్టాను. బెండు మళ్లీ పెట్టాను. నీళ్ల సరఫరా ఆఫీసులో లీకుల విభాగం నాదండీ. నా ఇంట్లో ఓడ మునిగితే రేపు ఆఫీసులో తలెత్తుకోగలనా?"

అడ్మిరల్ గారు ఏదో అనబోయేలోగా పళ్ల డాక్టరు తడిసిన ప్యాంటుతో వచ్చాడు.

"ఇంత మొండి ఓడ ఉండగా మీకు కొత్త పెంకెందుకండీ? దాన్ని ఇంకెవరికైనా ఇచ్చేస్తాను."

"నాకివ్వండి," అందావిడ.

"రెండో ఓడ రాదన్నావుగా!" అడ్మిరల్ గారి గొంతు కీచుమంది.

"మీకు రాదన్నాను. నాకు మొదటిదే కదా."

పంపు బిగించిన చెయ్యి ఎవరిదో తెలిశాక, డాక్టరు పెంకుని రెండు చేతులతో తెచ్చి మరీ అప్పగించాడు.

ఇప్పుడు భోజనాల బల్ల మీద ముప్పావు వంతు ఆవిడ మహానౌక. మూల మిగిలిన చోట అడ్మిరల్ గారు చండప్రచండని ఒళ్లో పెట్టుకుని చిల్లులకి కాగితం అంటిస్తున్నారు. పళ్లేలు ఇద్దరివీ కిటికీ గట్టు మీదికి చేరాయి.

"వచ్చే ఆదివారం మీ ఓడ మీద మొదటి గుండు నాదే," అందావిడ తలెత్తకుండా.

"నా ఓడ మునగదు!"

"మొన్నటిదాకా ముంచాలని మీరేగా తాపత్రయపడ్డారు?"

"నా ఓడని నేను ముంచుకుంటాను. నా ఇష్టం. ఇంకొకళ్లు ముంచితే ఊరుకోను. నువ్వే కాదు, మీ లీకుల విభాగం మొత్తం దిగి రానీ!"

"సరే. మీ ఓడకి కుడివైపు, లోపలి మూడో పక్కటెముక దగ్గర చెక్క పుచ్చింది. ముందే చెబుతున్నాను. గురి అక్కడే పెడతా."

అడ్మిరల్ గారు ఓడని తిప్పి, వేలితో నొక్కి చూశారు. నిజమే, వేలు లోపలికి దిగింది. కొత్త చెక్క కత్తిరించి, జిగురు కోసం చెయ్యి చాపారు. జిగురు డబ్బా ఆవిడ వైపు, అంటే శత్రుపక్షంలో ఉంది.