పైన ఎంత?

నాందేడ్ పురప్రజలకు తెలియజేయడమేమనగా, మన ఊళ్ళో ఒక కరెంటు కారు బోర్డు మీద రాసిన ధరకే అమ్ముడుపోయిన దుర్ఘటన మొన్న బుధవారం పట్టపగలు జరిగింది. మళ్ళీ ఇలాంటిది జరగకుండా షోరూం యాజమాన్యం తగిన చర్యలు తీసుకుంది కనుక ఎవరూ ఆందోళన చెందనక్కరలేదు.

ఆ షోరూం బాబురావ్ గారిది. కంపెనీ నుంచి నెలకు నాలుగు కార్లొస్తాయి, కావాలనేవాళ్ళు నాలుగు వందల మంది. పాపం, ఆయన మాత్రం ఏం చేస్తారు? తెల్ల రంగుకు ఇంత, ఎర్ర రంగుకు ఇంకొంత, ఏ రంగైనా ఫరవాలేదన్నవాడి దగ్గర ఆ మంచితనానికి గాను మరికొంత తీసుకుంటారు. వరసలో ముందుకు జరగడానికి ఒక రుసుము. ముందున్నవాడు ఎందుకు వెనక్కి జరిగాడో అతనికి వివరించడానికి ఇంకో రుసుము. టైర్ల కింద పెట్టే నిమ్మకాయలు కూడా అక్కడే కొనాలి. నాలుగూ కలిపి పదకొండు వందలు. అవి కరెంటు కార్ల కోసమే ప్రత్యేకంగా పండించినవని బాబురావ్ గారు చెబితే నమ్మనివాడు ఇంతవరకు పుట్టలేదు.

ఇవన్నీ కలిపి ఊళ్ళో 'పైన' అంటారు. కారు కొన్నవాడు ఎదురైతే బాగున్నావా అని అడగడం మనవాళ్ళు ఎప్పుడో మానేశారు. 'వర్ కితీ?' అని మరాఠీలో అడుగుతారు, పైన ఎంతిచ్చావని. ఎక్కువిచ్చినవాడికి పెళ్ళిళ్ళలో ముందు వరస కుర్చీ. నీళ్ళ శాఖలో రిటైరైన సూర్యకాంత్ పైన రెండు లక్షల డెబ్బై వేలిచ్చి, చౌరస్తాలో తన అభినందన ఫ్లెక్సీ తానే కట్టించుకున్నాడు. అందులో కారు చిన్నగా, అంకె పెద్దగా ఉంటాయి.

సూర్యకాంత్ పక్కింటి పాపయ్య నిజామాబాద్ నుంచి వచ్చి, ముప్పై ఏళ్ళు రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసి, ఇక్కడే ఇల్లు కట్టుకున్న మనిషి. టికెట్ లేనివాడి దగ్గర అదనపు రుసుము వసూలు చేయడం, దానికి రసీదు చింపివ్వడం, అదే ఆయన జీవితం. భార్య దమయంతికి మోకాళ్ళు అరిగిపోయి ఆటో ఎక్కాలంటే ప్రాణం మీదికొస్తుంది. ముద్ఖేడ్‌లో ఉన్న చెల్లెలి మొహం చూసి ఏడాదైంది. కారు కొని ఆమెను చెల్లెలింటికి తీసుకుపోవాలి, ఆ పైన ఒక మోకాలికైనా ఆపరేషన్ చేయించాలి అని పాపయ్య ఆలోచన. ఆపరేషన్‌కని రెండు లక్షల డెబ్బై ఐదు వేలు బ్యాంకులో విడిగా ఉంచాడు.

పదకొండు నెలలకు ఆయన వంతు వచ్చింది. ఆ రోజు కౌంటర్లో శుభాంగి అనే అమ్మాయి ఉంది. ఉద్యోగంలో చేరి రెండో రోజు. చదువుకున్న పిల్ల కావడంతో గోడ మీది బోర్డు చదివి, అంతే బిల్లు వేసి, తాళం చేతిలో పెట్టేసింది. ఇంత పనీ చేసి నవ్వింది కూడా అని తర్వాత విచారణ నివేదికలో నమోదైంది.

పాపయ్య మిఠాయి డబ్బా పట్టుకుని మొదట సూర్యకాంత్ ఇంటికే వెళ్ళాడు. ఆయన మిఠాయి నోటి దాకా తెచ్చి, ఆనవాయితీ ప్రకారం పైన ఎంతని అడిగాడు.

"ఒక్క రూపాయి గూడ ఇయ్యలే" అన్నాడు పాపయ్య, ఛాతీ విరుచుకుని.

సూర్యకాంత్ మిఠాయిని తిరిగి డబ్బాలో పెట్టేశాడు.

సాయంత్రానికి కాలనీ అంతా బండి చుట్టూ చేరి పంచనామా చేసింది. వరదలో మునిగిన బండి అన్నారొకరు. బ్యాటరీ ఉండాల్సిన చోట ఇటుకలున్నాయన్నారు ఇంకొకరు. పాపయ్య నడిపి చూపించాడు. చప్పుడు రాలేదు. కరెంటు బండికి చప్పుడుండదని సూర్యకాంత్‌కు తెలుసు, ఆయనదీ అదే బండి. అయినా తన బండికి చప్పుడు రాకపోవడం వేరని గట్టిగా వాదించాడు. భజన మండలి జనాబాయి వచ్చి దమయంతి చేయి పట్టుకుని జాలిగా నిమిరింది. అదే కొంప ముంచింది. మర్నాడు చెల్లెలింటికి బయల్దేరమంటే దమయంతి గడప దాటలేదు.

"పైన ఏమియ్యని బండ్ల నేను కూసోను. మా చెల్లె అడిగితె ఏం జెప్పాలె, ఊర్కెనే ఫుకట్ల అచ్చిందని జెప్పాల్నా?"

"మరి గన్ని పైసలు యాడికెళ్ళి తేవాలె?"

"నా మోకాలి పైసలున్నయ్ గద. ఇన్నేండ్లు ఆగింది, ఇంకో రెండేండ్లు ఆగుతది."

పాపయ్యకు ఏడుపొచ్చింది. దాచడమెందుకు, నాకూ వచ్చింది. కానీ కాలనీలో బతకాలి కదా. ఆ డబ్బు తీసుకుని షోరూంకు వెళ్ళి, దయచేసి పైన తీసుకోండి, రసీదు మాత్రం ఇవ్వండి అని దండం పెట్టాడు. బాబురావ్ గారు ఇరకాటంలో పడ్డారు. పైన తీసుకున్నదానికి రసీదిచ్చిన చరిత్ర ఆయన షోరూంలో లేదు. రసీదు లేకపోతే కాలనీ నమ్మదు. చివరికి ఆయనే దారి కనిపెట్టి, షోరూం ముందు వేదిక వేయించి, పాపయ్యకు శాలువా కప్పి, కొబ్బరికాయ చేతిలో పెట్టి ప్రసంగించారు.

"పాపయ్య సాబ్ అసొంటోళ్ళు ఊరికొక్కలుండాలె. మేం అడగలే, బలవంతం జెయ్యలే. తప్పు మా దిక్కు జరిగింది. సాబ్ తన కాళ్ళతోని నడిచొచ్చి దిద్దిండు. గిసొంటి నీతిగల్ల ఇమాన్‌దార్ గిరాకి ఉన్నన్ని దినాలు మా దుకాణం మూతపడది."

వెనక ఫ్లెక్సీ మీద రెండు లక్షల డెబ్బై ఐదు వేలని ఎర్రటి అంకెల్లో ఉంది. సర్వీసు మొత్తంలో ఇంత పెద్ద రసీదు తాను చింపలేదని పాపయ్య పొంగిపోయాడు. తన కంటే ఐదు వేలు ఎక్కువ చూసిన సూర్యకాంత్‌కు ఆ పూట అన్నం సయించలేదు. తెల్లారి వెళ్ళి ఇంకో పదివేలు కట్టొచ్చాడు. గతంలో తక్కువిచ్చి కుమిలిపోతున్నవారి కోసం ఇప్పుడు షోరూంలో వేరే కౌంటర్ తెరిచారు. అక్కడ కూర్చునేది శుభాంగే. వరస రోడ్డు దాకా ఉంటోంది. టోకెన్‌కు రుసుము వేరు.

ఆదివారం దమయంతిని ఇద్దరు పట్టుకుని కార్లో కూర్చోబెట్టారు. మోకాలు కలుక్కుమన్నా మొహంలో నవ్వు చెదరలేదు. ముద్ఖేడ్‌లో చెల్లెలు ఎదురొచ్చి పైన ఎంతని అడిగితే, దిగకముందే జవాబు చెప్పింది.

మీరు నవ్వుకుంటున్నారని తెలుసు. ఆ మొగుడూ పెళ్ళాలు తిక్కవాళ్ళని కూడా అనుకుని ఉంటారు. చిన్న మనవి. సూర్యకాంత్ పైన ఎంతిచ్చాడో మీకు గుర్తుంది. పాపయ్య ఎంతిచ్చాడో గుర్తుంది. నిమ్మకాయల ధర కూడా గుర్తుంది. ఆ కారు అసలు ధర ఎంతో నేను ఎక్కడా రాయలేదు. మీరూ అడగలేదు.