అర్హుడికొచ్చిన ప్రమోషన్

ఆ ఆదివారం పొద్దున మెకానిక్ వేసుకున్న పథకం చిన్నదే: కిరాణా కొట్టుకెళ్లి నాలుగు సబ్బుపొడి ప్యాకెట్లు తూయించడం. అవి అతను పనిచేసే ఫ్యాక్టరీవే. కొట్లకూ, ప్రభుత్వ ఆసుపత్రులకూ వెళ్లే ఆ ప్యాకెట్లలో పొడి తక్కువ పడేలా మేనేజరు మెషిన్ మర తిప్పించాడని అతని అనుమానం. సర్కారును మోసం చేసే కంపెనీ గుట్టు విప్పితే బహుమతి వస్తుందట. అదొస్తే బావగారి మేడమీద వాటా ఖాళీ చెయ్యొచ్చు. భార్యకు స్వయానా అన్న అయిన ఆ బావగారు, మెకానిక్ ఒంటికి సబ్బు రాసుకునేదాకా ఆగి మరీ నీళ్ల మోటారు కట్టేసే రకం.

"అర్హతలో మెలికలున్నాయి," అన్నాడు ముందురోజు వకీలు. "సంగతి మీరు స్వయంగా కనిపెట్టాలి. సర్కారు అడక్కముందే చెప్పాలి. తప్పులు పట్టడమే ఉద్యోగమైనవాడికి మాత్రం పైసా రాదు."

"నాది మెషిన్‌కి నూనె పోసే ఉద్యోగమండీ," అని మెకానిక్ పొంగిపోయాడు.

కొట్లో నాలుగు ప్యాకెట్లూ తక్కువే తూగాయి. "మీ సరుకు మీరే తూస్తున్నారేంటండీ?" అన్నాడు కొట్టాయన. గుట్టు బయటపడకూడదని మెకానిక్ గంభీరంగా, "నాణ్యత చూడాలి కదా," అన్నాడు.

ఆ మాట కొట్టాయన నుంచి సేల్స్‌మన్‌కు, అతని నుంచి మేనేజరుకు చేరింది. సోమవారం పిలుపొచ్చింది. ఉద్యోగం ఊడిందనుకుంటూ వెళ్లాడు మెకానిక్. కానీ మేనేజరు కుర్చీ చూపించాడు.

"సెలవురోజున కూడా కంపెనీ కోసం తిరిగేవాడు నూనె డబ్బా పట్టుకోవడమేంటయ్యా? ఇకనుంచి నువ్వు నాణ్యతాధికారివి. ఎప్పట్నుంచి వేద్దాం?"

నోరు నొక్కడానికి వేసిన ఎర అని మెకానిక్‌కు అర్థమైంది. జీతమూ తీసుకుందాం, బహుమతీ తీసుకుందాం అనుకున్నాడు. ఆశకు అంతెక్కడ? "నేను ఏడాదిగా చూస్తూనే ఉన్నానండీ. కిందటేడు నుంచే వేసేయండి," అన్నాడు. మేనేజరు అక్కడికక్కడే పాత తేదీతోనే ఉత్తర్వు ఇచ్చి, బకాయి జీతానికి సంతకం పెట్టించుకున్నాడు.

ఆ కాగితం చూసి వకీలు కళ్లజోడు తీశాడు. "శనివారం మీరు అర్హులు. ఇప్పుడు కిందటేడు నుంచే అనర్హులు."

"పోనీ, ఉద్యోగం మానేస్తే?"

"మానినా ఆ ఏడాది పోదు కదండీ. ఏడాదంతా తూకం చూడాల్సిన మనిషి మీరేనని సంతకం చేశారు. రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే మొదట అడిగేది మిమ్మల్నే."

మెకానిక్‌కు నిజంగానే భయమేసింది. వకీలూ, తన భార్యా తప్ప ఈ సంగతి తెలిసినవాళ్లు ఇంకెవరూ లేరని ధైర్యం చెప్పుకుంటూ ఇల్లు చేరాడు. భార్య సంతోషంగా ఎదురొచ్చింది. "మనం ఖాళీ చేస్తామని అన్నయ్యకు చెప్పేశానండీ. డబ్బెక్కడిదని ఒకటే గుచ్చి అడిగితే, బహుమతి సంగతంతా చెప్పాల్సి వచ్చింది."

మోటారు నిండుగా మోగుతోంది. బావగారు ఏనాడూ లేనిది తనే మెట్లెక్కి వచ్చాడు. "ముందు హాయిగా స్నానం చెయ్యి బావా," అన్నాడు. "తర్వాత ఆ తూకం సంగతి కాస్త వివరంగా చెప్పు."